వాన వస్తుందన్నారు

విల్మా ప్రాట్‌కి వచ్చిపడ్డ చిక్కు ఇది. బతికున్న మనిషి చావువార్త రాయాలి. ఆ మనిషి ఎవరో కాదు, తనకి పని నేర్పిన అడెలా వోస్.

అమెరికాలో పెద్ద పత్రికలకి ఇదొక అలవాటు. పేరున్నవాళ్ళకి డెబ్భై దాటగానే వాళ్ళ జీవితమంతా ముందే రాయించి ఇనప బీరువాలో పెట్టి ఉంచుతారు. ఆ కబురు వచ్చిన రోజున తేదీ ఒక్కటి నింపి అచ్చుకి పంపుతారు. వినడానికి బాగుండదు గాని అందులో చెడు ఉద్దేశమేమీ లేదు. హడావిడిలో రాస్తే తప్పులు దొర్లుతాయి. పోయినవాళ్ళు వచ్చి దిద్దుకోలేరు. అడెలా వోస్ కూడా తన రోజుల్లో అలాంటివి వందకి పైగా రాసి ఆ బీరువాలో పెట్టింది. ఇప్పుడు ఆవిడ వంతు వచ్చింది.

విల్మా మూడుసార్లు రాసింది. చెప్పాల్సినవన్నీ ఉన్నాయి. రైల్వే స్టేషన్లో తంతి కొట్టే గుమస్తా కూతురు. పదిహేడో ఏట చిన్న ఊరి పత్రికలో అచ్చక్షరాలు పేర్చే పనిలో చేరింది. తర్వాత పెళ్ళిళ్ళూ వంటలూ చర్చి విందులూ రాసే ఆడవాళ్ళ పేజీ అప్పగించారు. ముప్పయ్యో ఏట, వెళ్ళాల్సిన మగ విలేకరికి జ్వరం తగిలితే, వరద చూసి రమ్మని ఈవిణ్ణి పంపారు. అక్కడినుంచి ఆవిడ పంపిన వార్తని దేశమంతా చదివింది. ఆ తర్వాత తొమ్మిది పుస్తకాలు. గనుల్లో బొగ్గు పీల్చి పీల్చి దగ్గే వాళ్ళ మీద ఒకటి, నగరాల్లో బట్టలుతికే కంపెనీల్లో ఆవిరికి చేతులు పొక్కిన ఆడవాళ్ళ మీద ఒకటి, యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంట్లో మాట్లాడటం మానేసిన కుర్రవాళ్ళ మీద ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. అరవై అయిదో ఏట పని మానేసి, ఏటి ఒడ్డున హాలెట్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకుని ఉంటోంది.

ఇన్నీ రాశాక కూడా ఒక్క చోట సగం పంక్తి ఖాళీ మిగిలింది.

ఆ వరదలో ఒక తల్లి ముగ్గురు పిల్లలతో ఇంటికప్పు మీద రెండు రోజులు కూర్చుంది. పడవ వెళ్ళేసరికి పిల్లలు ఇద్దరే ఉన్నారు. ఆ పడవలో అడెలా ఉంది. ఆ తల్లి ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. చేతులు రెండూ ముందుకి చాపి చూపించి, "నాకున్నవి రెండే" అంది. అంతే అంది.

ఆ మాట దేశం పట్టనంత పెద్దదైపోయింది. ఆదివారాలు చర్చిల్లో చెప్పారు. చట్టసభలో చెప్పారు. చందాలు పోగుచేసేవాళ్ళు గోడల మీద రెండు చేతుల బొమ్మ వేసి కింద ఆ మాట రాశారు. ఆ తల్లి పేరు మాత్రం అడెలా రాయలేదు. ఆ ఊరు వరదలో కొట్టుకుపోయింది, బతికినవాళ్ళు తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఎవరా తల్లి అని నలభై ఏళ్ళకి పైగా అందరూ అడుగుతూనే ఉన్నారు. అడెలా ఎవరికీ చెప్పలేదు.

ఎడిటర్ లేలండ్ గారు విల్మా రాసింది చదివి, బాగుందన్నాడు. కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, ఆవిడకి మతిమరుపు మొదలైందని విన్నానన్నాడు. ఆ పేరు ఉంటే ఇది మొదటి పేజీలో వస్తుందనీ, లేకపోతే లోపల ఎక్కడో సర్దుతారనీ చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఉన్న సంగతి చెప్పాడు.

విల్మాకి కూడా మనసులో ఒక ధీమా ఉంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు నిజమే, కాని ఎవరికో ఒకరికి చెప్పాలిగా. తను కాక మరెవరున్నారు? పంతొమ్మిదో ఏట టైపు కొట్టడానికి వచ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆవిడే. తర్వాత ఎంతమందికి నేర్పినా, తనని చూసినట్టు ఇంకెవర్నీ చూడలేదని విల్మా నమ్మకం.

సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం బస్సెక్కింది.

*

గేటు చప్పుడుకి అడెలా తలుపు తీసింది. గుర్తుపడుతుందో లేదోనని విల్మా నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "విల్మా" అంది. వెంటనే, "నాకెన్ని కాలమ్‌లు ఇచ్చారు?" అని అడిగింది.

దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ విల్మా నోట్లోనే ఉండిపోయాయి. "రెండున్నర" అంది.

"కిందటేడు పోయిన గవర్నరుకి మూడిచ్చారు."

"ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదు మిస్ వోస్. అందుకని ఫోటో పెద్దది వేశారు."

అడెలా నవ్వింది. ఆ నవ్వు పాతదే. విల్మాకి ప్రాణం లేచొచ్చింది. లేలండ్ గారు విన్నది అబద్ధమేమో అనుకుంది.

వంటింట్లోకి వెళ్ళాక తెలిసింది. పొయ్యి పక్కన గోడకి ఒక చీటీ: "ఆపావా?" వెనక తలుపుకి ఒక చీటీ: "తాళంచెవి మెడలో ఉంది." పంచదార డబ్బా మీద, అద్దం మీద, రేడియో మీద. అన్నీ ఆవిడ దస్తూరీయే, పత్రికలో శీర్షికల్లా పొట్టి పొట్టి మాటలు. పుస్తకాలకి బహుమతిగా వచ్చిన వెండి పళ్ళేన్ని పిండి డబ్బాకి మూతగా పెట్టింది. దాని మీదా ఒక చీటీ ఉంది: "పిండి."

టీ పోస్తూ పోస్తూ ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. ఏదో మాట కోసం వెతుక్కుంది. స్పూను వైపు చూపించి, "అది" అంది. విల్మా అందించింది. దాని పేరేమిటని ఆవిడ అడగలేదు, విల్మా చెప్పలేదు. మర్చిపోవడమంటే ఒక్కసారిగా చీకటి పడటం కాదు. ఇంట్లో వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్కొక్కటీ మన మాట వినడం మానేస్తుంది, అంతే.

టీ తాగాక అడెలా చెయ్యి చాపింది. విల్మా సంచీలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. తన చావువార్తని ఆవిడ పెన్సిలు పట్టుకుని చదివింది. చదువుతున్నప్పుడు మాత్రం ఎక్కడా తడబడలేదు. "సుప్రసిద్ధ" కొట్టేసింది. ఒకచోట "మహోన్నతమైన" కనిపిస్తే దాన్నీ కొట్టేసి, ఇలాంటివి నేర్పిందెవరని అడిగింది. గనుల పుస్తకం దగ్గర ఒక సంవత్సరం తప్పుగా ఉంటే దిద్దింది. విల్మా తర్వాత చూసుకుంటే ఆవిడ దిద్దిందే ఒప్పు.

ఖాళీ దగ్గరికి వచ్చి పెన్సిలు ఆగింది.

"ఇక్కడేం రావాలి?"

విల్మా చెప్పింది. బస్సులో కూర్చుని తయారుచేసుకున్నదంతా చెప్పింది. ఆ తల్లి ఈపాటికి పోయే ఉంటుంది. పిల్లలకి యాభై దగ్గర పడుతుంటాయి. ఇన్నేళ్ళ తర్వాత ఎవరికీ నష్టం లేదు. రేపు మీతోపాటు ఆ పేరు కూడా పోతే, అలాంటి తల్లి ఒకతె ఉండేదని ఎవరు నమ్ముతారు, కల్పించి రాశారంటారు. ఇదంతా చెబుతూ విల్మా తన నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. కలం మూత కూడా తీసింది.

అడెలా అంతా విన్నది. తర్వాత లేచి, విల్మా ముందున్న నోటుపుస్తకాన్ని మూసింది. దాని రబ్బరు బ్యాండుని రెండు చుట్లు చుట్టింది. అలమరలో రొట్టెల డబ్బా దించి, అందులో పెట్టి, మూత బిగించింది.

"ఇంక కబుర్లు చెప్పుకుందాం" అంది.

విల్మా మొహం మాడిపోయింది. ఆ పని అర్థం కాక కాదు, బాగా తెలిసి. పనిలో చేరిన మొదటి ఏడాది బంగాళాదుంపలు పండించే ఒకావిడతో మాట్లాడి వచ్చి వార్త రాసింది. అందులో ఒక మాట చూసి, "ఆవిడ ఇది అన్నప్పుడు నీ పుస్తకం ఎక్కడుంది?" అని అడిగింది అడెలా. మూసి సంచీలో పెట్టుకున్నాక, గుమ్మం దాకా సాగనంపుతూ అందని చెప్పింది విల్మా. అడెలా తిట్టలేదు. టోపీ పెట్టుకుని, విల్మాని వెంటబెట్టుకుని, మళ్ళీ ఆ పొలానికి వెళ్ళి, మీ ఆయన తాగుడు గురించి మీరన్నది అచ్చు వేసుకోవచ్చా అని విల్మా చేతే అడిగించింది. ఆవిడ ఏమీ అనకుండా తలుపు వేసుకుంది. తిరుగు దారిలో అడెలా కూడా ఏమీ అనలేదు. పుస్తకం మూశాక విన్నది మనది కాదని అలా నేర్చుకుంది విల్మా. పదమూడేళ్ళుగా తప్పలేదు.

ఇప్పుడు మళ్ళీ పంతొమ్మిదేళ్ళ పిల్లనైపోయినట్టు ఉంది. నా మీద నమ్మకం లేదన్నమాట అనుకుంది.

ఆ సంగతి మొహంలో కనిపించిందేమో, అడెలా వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పేరు నేనెక్కడా రాసుకోలేదు విల్మా. కాగితమైతే ఎవరికో దొరుకుతుందని తలలో పెట్టుకున్నాను. మిగిలిన ఇద్దరికీ ఆ చేతుల సంగతి తెలియకూడదని, ఆ తల్లి నన్ను అడిగింది అదొక్కటే. మూడోవాడు నిద్రలో జారిపోయాడని వాళ్ళకి చెప్పుకుంది. వాళ్ళు అదే నమ్మి పెరిగారు."

విల్మా కలానికి మూత పెట్టింది.

"నేను ఆ పేరు మర్చిపోతానని మీ అందరికీ బెంగ. మర్చిపోతే మంచిదే. చెప్పకూడదన్న సంగతి మర్చిపోతానేమోనని నాకు భయం."

అని, టీ చల్లారిపోతోంది తాగమంది. విల్మా కప్పు ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ఎత్తి తాగింది.

*

మధ్యాహ్నం అడెలా కునుకు తీస్తుంటే విల్మా బయట అరుగు మీద కూర్చుంది. పక్కింటి అరుగు మీద ఒక ముసలాయన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. ఓటిస్ గ్రిమ్. వంతెన రాకముందు ఆ ఏటి మీద పంటు నడిపేవాడు. మనుషుల్నీ ఆవుల్నీ ఒక్కలాగే ఈ గట్టునుంచి ఆ గట్టుకి చేర్చానని గొప్పగా చెప్పుకుంటాడు. ఆవులే నయం, నోరెత్తవంటాడు.

పత్రికామెవా అని అడిగాడు. అవునంది. ఎక్కడినుంచనీ, బస్సు సమయానికి వచ్చిందా అనీ అడిగి, గుప్పెడు కాయలు ఒలిచాక నెమ్మదిగా, "పేరు కోసమేనా?" అన్నాడు.

విల్మా నిటారుగా కూర్చుంది. "మీకు తెలుసా?"

"ఏ పేరు?" అన్నాడు ఓటిస్.

గిన్నెలోని గింజలు చేత్తో సర్దాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు.

వసంతంలో ఒకరోజు పొద్దున్నే అడెలా వట్టి కాళ్ళతో వాళ్ళింటికి వచ్చింది. నీళ్ళు తీశాయా అని అడిగింది. ఏ నీళ్ళని ఆయన అడిగేలోపే, పడవ తిప్పాలనీ ఫలానా ఆవిడ ఇంకా కప్పు మీదే ఉందనీ చెప్పింది. ఆ ఫలానా పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన ఏం చెయ్యాలో తోచక కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంది, ఆయన వైపు చూసింది. నేనేమైనా అన్నానా ఓటిస్ అని అడిగింది.

"నాకు అబద్ధాలు చేతకావు. ఏదో ఒకటి అనాలి కదా. వాన వస్తుందన్నావు అన్నాను."

తర్వాత పోస్ట్‌మాన్‌కి అలాగే జరిగింది. రొట్టె తెచ్చిచ్చే పాస్టరు గారి భార్యకి రెండుసార్లు జరిగింది. ఎదురింటి కుట్టుపని అమ్మాయికీ జరిగింది. ఓటిస్ ఏం చెప్పాడో విని వాళ్ళూ అదే చెప్పడం మొదలుపెట్టారు. తలొకరూ తలో మాట చెబితే ఆవిడ పట్టేసుకుంటుందని వాళ్ళ భయం. పత్రిక మనిషి కదా.

"ఈ ఏడు మా ఊళ్ళో చినుకు లేదు" అన్నాడు ఓటిస్. "ఆవిడ లెక్కన ఈపాటికి ఏరు పొంగాలి."

విల్మాకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. దేశంలో ఇంతమంది ఇన్నేళ్ళు అడిగిన పేరు ఈ వీధిలో నాలుగిళ్ళకి తెలుసు. ఆవిడ భయపడుతున్నది ఎప్పుడో జరిగిపోయింది. ఆ జరిగిన సంగతి ఆవిడకి మాత్రం తెలియనివ్వకుండా వీళ్ళు కాపలా కాస్తున్నారు.

ఇన్నాళ్ళలో ఎవరికైనా చెప్పాలనిపించలేదా అని అడిగింది.

ఓటిస్ ఆ ప్రశ్న వింతగా ఉన్నట్టు చూశాడు. "మాకు చెప్పలేదు కదమ్మా ఆవిడ. దారిన పోతుంటే ఎవరిదో కిటికీ తెరిచుంది, కనిపించింది. అంతే."

తొక్కలన్నీ దులిపి లేచాడు. లోపలికి వెళ్ళబోతూ ఆగాడు.

"నువ్వూ రెండు రోజులుంటే నీకూ చెబుతుంది. చెప్పించుకోవడం కష్టమేం కాదు. ఆ తర్వాతే కష్టం."

*

విల్మా ఆ పూట బస్సెక్కలేదు. ఎందుకు ఉండిపోయిందో ఆమెకే సరిగ్గా తెలియదు. పెద్దావిడకి తోడుగా అని ఒక మనసు అంటోంది. చెబుతుందేమోనని ఇంకో మనసు కాచుకుని కూర్చుంది. రెండో మనసు గొంతే పెద్దది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడింది.

మర్నాడు పొద్దున అడెలా చురుగ్గా ఉంది. బట్టలు ఉతుక్కునే రోజని చీటీ చూసుకుని చెప్పింది. ఇద్దరూ కలిసి ఉతికారు. పెరట్లో దండేనికి ఒక చివర అడెలా, ఇంకో చివర విల్మా నిలబడి కొయ్య క్లిప్పులు పెడుతున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కంచె అవతల ఓటిస్ దండెం మీద కూడా రెండు చొక్కాలు వేలాడుతున్నాయి.

మధ్యలో అడెలా లేలండ్ గారి బట్టతల గురించి ఏదో అంటే విల్మా పగలబడి నవ్వింది. ఇద్దరూ తడి దుప్పటి చెరో కొసా పట్టుకున్నారు. ఏటి వైపు నుంచి గాలి కొట్టింది. దుప్పటి ఒక్కసారిగా ఉబ్బి, నీటి దెబ్బలా చప్పుడు చేసి ఇద్దరి మొహాలకీ కొట్టుకుంది.

దుప్పటి పక్కకి తప్పుకునేసరికి అడెలా కళ్ళు మారిపోయాయి.

ఆవిడ రెండడుగులు ముందుకి వేసి విల్మా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. పేరు పెట్టి పిలిచింది. విల్మా అని కాదు. పిలిచిన పేరు నిండు పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పేరేమిటో ఇక్కడా ఉండదు.

"పడవ వచ్చింది" అంది అడెలా. "చూడు, వచ్చింది. చేతులు వదులు. వీళ్ళని మేం పట్టుకున్నాం. ఇంక నువ్వు వదలొచ్చు."

విల్మా కదల్లేదు.

"నేను చెప్పను. పెద్దవాడికీ చెప్పను, చిన్నదానికీ చెప్పను. నువ్వు వదులు తల్లీ."

పదమూడేళ్ళ అలవాటు ఊరుకోదు. విల్మా కుడిచెయ్యి తనంతట తనే కలం కోసం వేళ్ళు ముడిచింది. ఆ పేరుని మనసులో ఒకసారి అనుకుంది, మర్చిపోకుండా. వెంటనే, అలా ఎందుకు అనుకున్నానా అనుకుంది. నోటుపుస్తకం రొట్టెల డబ్బాలో ఉంది. నిన్న ఆ మూత బిగించిన చేతులు ఇప్పుడు తన మణికట్టు మీద ఉన్నాయి. తనని నమ్మక ఆ పని చేసిందనుకుంది నిన్నంతా. ఆవిడ నమ్మనిది విల్మాని కాదు, తన మతిని.

విల్మా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచేతులు తెరిచి చూపించింది.

"వదిలాను" అంది.

అడెలా ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. దండెం చూసింది, క్లిప్పుల బుట్ట చూసింది, గడ్డిలో పడిన దుప్పటి చూసింది. తర్వాత విల్మా మొహంలోకి చూసింది.

"నేనేమైనా అన్నానా?"

ఒకరు అనని మాటని అన్నారని చెప్పడం ఆ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. అది చేసినవాళ్ళని మళ్ళీ ఏ పత్రికా దగ్గరికి రానివ్వదు. ఆ మాట విల్మాకి చెప్పింది ఈవిడే, మొదటిరోజున, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకముందే. ఈ పదమూడేళ్ళలో విల్మా ఆ తప్పు ఒక్కసారీ చేయలేదు.

"వాన వస్తుందన్నారు" అంది విల్మా.

అడెలా తలెత్తి ఆకాశం చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నీలంగా, ఇప్పుడే కడిగినట్టుంది. కంచె అవతల పెరటి అరుగు మీద ఓటిస్ తన చిక్కుడుకాయల గిన్నెలోకి మరీ శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

"చిత్రం" అంది అడెలా. "ఈ మధ్య ఈ వీధిలో అందరితోనూ నేను వాన గురించే మాట్లాడుతున్నానట."

విల్మా కూడా తలెత్తి ఆకాశం చూసింది.

ఆవిడ వంగి గడ్డిలోంచి దుప్పటి తీసింది. దులిపి చంకలో పెట్టుకుంది.

"అయితే పద. తడవకముందే తీసేద్దాం."

అప్పుడే ఆరేసిన బట్టలు, నీళ్ళు కారుతున్నవి కారుతున్నట్టే, ఒక్కొక్కటీ దండెం మీంచి తీశారు. దిండు గలీబులు, తువ్వాళ్ళు, అడెలా రాత్రి గౌను. క్లిప్పులు లెక్కగా బుట్టలో వేశారు. ఎండ వీపుల మీద చుర్రుమంటోంది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

వంటింట్లో కుర్చీల మీదా బల్ల అంచునా బట్టలు పరిచాక, అడెలా రొట్టె కోద్దామని డబ్బా దించింది. మూత తీసి, లోపల ఉన్నదాన్ని తీసి, తిప్పి చూసింది.

"ఇదెవరిది?"

"నాదే మిస్ వోస్."

ఆవిడ ఇచ్చేసింది. "ఏమైనా రాసుకోవాలా?"

"ఏమీ లేదు" అంది విల్మా. రబ్బరు బ్యాండు విప్పకుండానే దాన్ని సంచీలో వేసింది.

నిన్నటి కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. విల్మా ఆ సగం పంక్తి ఖాళీ ఉన్న పేజీ తీసి, పెన్సిలుతో ఖాళీకి అటున్న మాట నుంచి ఇటున్న మాటకి చిన్న వంపు గీత గీసింది. మధ్యలో ఏమీ లేదు, దగ్గరికి జరపండి అని అచ్చుపనివాళ్ళకి చెప్పే గుర్తు అది. అడెలా రొట్టె కోస్తూ ఓరగా చూసింది. దిద్దలేదు.

కిటికీలోంచి పక్కింటి పెరడు కనిపిస్తోంది. ఓటిస్ గిన్నె కింద పెట్టి లేచాడు. మెల్లగా తన దండెం దగ్గరికి నడిచి, ఎండలో కరకరలాడేలా ఆరిన రెండు చొక్కాలనీ తీసి, భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అడెలా అదీ చూసింది. కత్తి బల్ల మీద పెట్టింది.

"ఆ కిటికీ కూడా వేసెయ్ విల్మా" అంది. "జల్లు కొడుతుంది."